విజిల్ ఊదే మాస్టారు, గీత బయట మాస్టారు

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఆడేవాళ్ళు 22 మంది. బంతి కోసం తోసుకునేదీ, కిందపడి మోకాళ్ళు చెక్కించుకునేదీ వాళ్ళే. కానీ గమనించి చూడండి, గొడవ మాత్రం చాలాసార్లు ఆ 22 మందిలో పుట్టదు. లోపల విజిల్ పట్టుకుని పరిగెత్తే ఒకాయనకీ, గీత బయట నిలబడి చేతులూపే ఇంకొకాయనకీ మధ్య పుడుతుంది. పిల్లలేమో ఆట ఆపేసి, నడుం మీద చేతులు పెట్టుకుని వీళ్ళిద్దర్నీ చూస్తూ ఉంటారు.

మన గోదావరి జిల్లాల్లో ఊళ్ళ వైపు వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ జోరు ఎక్కువ. ఫుట్‌బాల్ టౌన్లలోనూ కాలేజీ గ్రౌండుల్లోనూ కనిపిస్తుంది. ఆట మారినా మాట మారదు. "అది ఫౌల్ ఎలా అవుద్ది మాస్టారూ?" అని గీత బయటి నుంచి ఒక కేక. "మీరు బయటికెళ్ళండి మాస్టారూ" అని లోపలి నుంచి జవాబు. ఆ తర్వాత పది నిమిషాలు ఆట ఉండదు.

కోచ్‌కీ రిఫరీకీ ఎందుకు పడదు? ఇద్దరిలో ఒకరు చెడ్డవాళ్ళు కాబట్టా? నిజంగా చూస్తే చాలావరకు కాదు. గొడవకి కారణాలు మనుషుల స్వభావంలో కంటే ఏర్పాట్లలో ఎక్కువ ఉన్నాయి. ఏర్పాటు లోపమైతే దిద్దుకోవచ్చు, ఇంజనీరింగ్ చదివేవాళ్ళకి అది కొత్త విషయం కాదు. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

ఇద్దరూ మాస్టార్లే

స్కూల్ గేమ్స్ సంగతి మనలో చాలామందికి తెలుసు. అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని మూడు వయసులు. మండలం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి. జట్టుని తయారుచేసి, ఆటో మాట్లాడి, అరటిపళ్ళూ గ్లూకోజ్ పొట్లాలూ కొని తీసుకొచ్చేది ఆ బడి పీఈటీ మాస్టారు. మరి మ్యాచ్‌కి విజిల్ ఊదేదెవరు? సాధారణంగా పక్క బడి పీఈటీ మాస్టారే. మధ్యాహ్నం ఆయన జట్టు ఆడేటప్పుడు విజిల్ ఈయన చేతికొస్తుంది.

ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. మంచి ఏంటంటే ఇద్దరికీ రెండో వైపు కష్టం తెలుసు. చెడు ఏంటంటే పొద్దున్న ఇచ్చిన పెనాల్టీ మధ్యాహ్నం దాకా గుర్తుంటుంది. రిఫరీ ఎంత నిజాయితీగా ఊదినా, "పోయిన ఏడాది మనం వాళ్ళని ఓడించాం కదా, ఇప్పుడు తీర్చుకుంటున్నాడు" అనే అనుమానం గీత బయట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తీర్పు మీద నమ్మకం ఉండాలంటే తీర్పు సరిగ్గా ఉంటే చాలదు, తీర్పరికి ఈ ఫలితంతో లాభనష్టాలు లేవని అవతలివాళ్ళకి కనబడాలి కూడా.

పైగా కోచ్ నెత్తిన ఉన్న బరువు మామూలుది కాదు. జిల్లా సెలక్షన్, సర్టిఫికెట్, రేపు స్పోర్ట్స్ కోటాలో సీటు. ఏడాదంతా తెల్లారే గ్రౌండుకొచ్చిన పిల్లాడి భవిష్యత్తు ఆ ఒక్క విజిల్‌తో పోయిందని ఆయనకి అనిపిస్తుంది. రిఫరీకేమో ఆ పిల్లాడి పేరు కూడా తెలీదు, తెలియకూడదు కూడా. ఒకరి పని పక్షం వహించడం, ఇంకొకరి పని ఏ పక్షమూ వహించకపోవడం. కాబట్టి కొంత ఘర్షణ ఉండి తీరుతుంది. సమస్య ఘర్షణ కాదు, అది హద్దు దాటడం.

ఒకే బంతి, రెండు చూపులు

రెండో కారణం శుద్ధ జ్యామితి. కోచ్ ఎక్కడుంటాడు? సెంటర్ లైన్‌కి దగ్గర్లో, గీత బయట. రిఫరీ ఎక్కడుంటాడు? బంతి వెనకాల, మైదానం లోపల. ఒకే టాకిల్‌ని ఇద్దరూ వేరే వేరే కోణాల్లో చూస్తారు. ఒకరికి కాలు బంతికి తగిలినట్టు కనిపిస్తే, ఇంకొకరికి చీలమండకి తగిలినట్టు కనిపిస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు.

ఆఫ్‌సైడ్ విషయంలో దీన్ని పరీక్షించి చూశారు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2000లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. లైన్స్‌మన్ ఆఖరి డిఫెండర్‌కి సరిగ్గా సూటిగా నిలబడకుండా కొద్దిగా ముందుకో వెనక్కో ఉంటే, చూసే కోణం వల్లే ఆఫ్‌సైడ్ కానిది ఆఫ్‌సైడ్‌లా, ఆఫ్‌సైడ్ అయినది కానట్టు కనిపిస్తుందని వాళ్ళు చూపించారు. ఫిజిక్స్ ల్యాబ్‌లో స్కేలు రీడింగ్ పక్కనుంచి చూస్తే తప్పు వస్తుందని మనకి చెబుతారే, ఆ పారలాక్సే ఇది. లైన్స్‌మన్‌కి పక్షపాతం అక్కర్లేదు, ఒక మీటరు అటూ ఇటూ నిలబడితే చాలు.

ఇప్పుడు మన బడుల మ్యాచ్‌లు గుర్తు తెచ్చుకోండి. చాలాచోట్ల లైన్స్‌మన్లు ఉండరు, లేదా రిజర్వ్ ఆటగాడి చేతికి జెండా ఇస్తారు. ఒక్క రిఫరీ, సుమారు వంద మీటర్ల మైదానం. అరవై మీటర్ల దూరం నుంచి ఆఫ్‌సైడ్ చెప్పమంటే దేవుడైనా కొన్ని తప్పుతాడు.

కేకకి ఎంత బరువు?

మరి కోచ్‌లు ఎందుకు అరుస్తారు? కోపం సగం. మిగతా సగం, అరిస్తే పని జరుగుతుందన్న నమ్మకం. బాధాకరమైన సంగతేంటంటే ఆ నమ్మకంలో కొంత నిజం ఉంది.

2002లో ఇంగ్లండ్‌లో ఒక ప్రయోగం ప్రచురించారు. అర్హత ఉన్న 40 మంది రిఫరీలకి ఒక మ్యాచ్‌లోని 47 టాకిల్స్ వీడియో చూపించారు. కొందరికి ప్రేక్షకుల కేకలతో, మిగతావాళ్ళకి శబ్దం లేకుండా. కేకలు విన్నవాళ్ళు సొంత మైదానం జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. వీడియో అదే, రూల్స్ అవే. మారింది శబ్దం ఒక్కటే.

అంటే గీత బయటి కేక రిఫరీ చెవి దగ్గర ఆగదు, నిర్ణయంలోకి కూడా దూరుతుంది. ఒక కోచ్ అరిచి లాభపడితే రెండో కోచ్ ఊరుకుంటాడా? ఆయన ఇంకొంచెం గట్టిగా అరుస్తాడు. సిగ్నల్ కంటే నాయిస్ ఎక్కువైపోతుంది. చివరికి రిఫరీ ఎవరి మాటా వినకుండా బిగుసుకుపోతాడు, నిజంగా న్యాయమైన ఫిర్యాదు కూడా ఆ గోలలో కలిసిపోతుంది. అందుకే కోచ్ నోటికి హద్దు పెట్టడం రిఫరీ పరువు కోసం మాత్రమే కాదు, రెండు జట్లకీ ఒకే న్యాయం జరగడం కోసం.

మరి రిఫరీ తప్పు చేస్తే?

"అయితే రిఫరీ ఏం చేసినా నోరు మూసుకోవాలా?" అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. రిఫరీలు తప్పు చేస్తారు, ఆ తప్పుకి మూల్యం ఆటగాడు చెల్లిస్తాడు.

మన సింధు సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో మనీలాలో ఆసియా బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్స్ సెమీఫైనల్, ఎదురుగా జపాన్ అమ్మాయి యమగుచి. మొదటి గేమ్ 21-13తో సింధుది. రెండో గేమ్‌లో 14-11తో ముందుంది. అప్పుడు సర్వీస్ ఆలస్యం చేస్తోందని అంపైర్ ఒక పాయింట్ కోత వేశాడు. ఎదుటి క్రీడాకారిణి సిద్ధంగా లేదని సింధు ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత 19-21, 16-21తో మ్యాచ్ పోయింది. రెండు నెలలు దాటాక, జూలైలో, బ్యాడ్మింటన్ ఆసియా టెక్నికల్ కమిటీ తరఫున క్షమాపణ లేఖ వచ్చింది. లేఖ వచ్చింది కానీ ఫైనల్ రాలేదుగా!

ఇప్పుడు రెండో దారి చూడండి. 2023 మార్చి 3, బెంగళూరు కంఠీరవ స్టేడియం, ఐఎస్ఎల్ నాకౌట్ మ్యాచ్. ఎక్స్‌ట్రా టైంలో, 96వ నిమిషంలో, కేరళ బ్లాస్టర్స్ ఇంకా గోడ కట్టుకోకముందే సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ కొట్టేశాడు. గోల్ ఇచ్చారు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ ఒప్పుకోక జట్టు మొత్తాన్ని బయటికి తీసుకెళ్ళిపోయాడు. మ్యాచ్ బెంగళూరుకే పోయింది. ఆ నెలాఖరున అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్బుకి 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా వేసింది. గోల్ సరైనదా కాదా అన్న చర్చ కంటే, కోచ్ జట్టుని బయటికి తీసుకుపోయాడన్నదే పెద్ద విషయమైపోయింది. న్యాయం తన వైపు ఉందనుకున్న మనిషి, అడిగే పద్ధతి వల్ల ఆ న్యాయం గురించి మాట్లాడే అవకాశం కూడా పోగొట్టుకున్నాడు.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవచ్చు. మనకి పరీక్షలో మార్కులు తక్కువొస్తే ఏం చేస్తాం? పేపర్ దిద్దిన ఆయన ఇంటి ముందుకెళ్ళి అరవం. ఫీజు కట్టి, గడువులోగా రీవాల్యుయేషన్‌కి పెడతాం. మార్కులు పెరిగినా పెరక్కపోయినా దారి ఒకటి ఉంది కాబట్టి కోపం ఆ దారిలో పోతుంది. ఫుట్‌బాల్‌లో అయితే, ఆటలో జరిగిన విషయాల మీద రిఫరీ నిర్ణయమే తుది నిర్ణయం. తప్పని తెలిస్తే ఆయనే మార్చుకోవచ్చు, అదీ ఆట మళ్ళీ మొదలవకముందే. చిన్న టోర్నమెంట్లలో చాలాచోట్ల రాతపూర్వక ప్రొటెస్ట్‌కి వీలు ఉంటుంది కానీ, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. దారి కనపడకపోతే జనం గోడ దూకుతారు.

రూలు పుస్తకం ఏ ఎడిషన్?

ఇంకో రకం గొడవ ఉంది. అందులో ఎవరి కన్నూ తప్పు కాదు, చేతిలో ఉన్న రూల్సే రెండు రకాలు. దీనికి కబడ్డీని మించిన ఉదాహరణ లేదు.

2023 అక్టోబర్ 7, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు, పురుషుల కబడ్డీ ఫైనల్, ఇండియా, ఇరాన్. స్కోరు 28-28. ఇంకా నిమిషం పైచిలుకు సమయం. పవన్ సెహ్రావత్ రైడ్‌కి వెళ్ళి, ఎవరినీ తాకకుండానే పక్క లాబీలోకి వెళ్ళాడు. అతన్ని పట్టుకోబోయిన ఇరాన్ డిఫెండర్లూ వెనకాలే లాబీలోకి వచ్చేశారు. ఇప్పుడు ఔట్ ఎవరు? రైడర్ ఒక్కడేనా, వెనకాల వెళ్ళినవాళ్ళు కూడానా? ప్రొ కబడ్డీలో అలవాటైన రూలు ఒకటి చెబుతుంది, అంతర్జాతీయ సమాఖ్య పుస్తకం ఇంకొకటి చెబుతుంది. అధికారులు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెప్పారు. రెండు జట్ల కోచ్‌లూ వాదించారు, ఆటగాళ్ళు మ్యాట్ మీద కూర్చున్నారు. దాదాపు గంటసేపు ఆట ఆగింది. చివరికి ఇండియా 33-29తో గెలిచింది.

ఆసియా ఫైనల్‌లోనే ఇలా జరిగితే మన సంక్రాంతి కబడ్డీ సంగతి చెప్పాలా? సగం మంది టీవీలో చూసిన రూల్స్‌తో వస్తారు, సగం మంది వాళ్ళ నాన్నలు ఆడిన రూల్స్‌తో వస్తారు. మ్యాచ్‌కి ముందు అయిదు నిమిషాలు కూర్చుని "ఈ టోర్నమెంట్‌కి ఈ పుస్తకం" అని తేల్చుకుంటే తెగిపోయే పేచీ అది.

హద్దు దాటితే

ఇదంతా చూసి, ఆటలో ఇవన్నీ మామూలే అనిపించొచ్చు. ఎందుకు మామూలు కాదో ఒక ఊరు చెబుతుంది. నెదర్లాండ్స్‌లో అల్మేరె. 2012 డిసెంబర్ 2న అక్కడ కుర్రాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. ఆడుతున్న ఒక అబ్బాయి తండ్రి, 41 ఏళ్ళ మనిషి, జీతం లేకుండా స్వచ్ఛందంగా లైన్స్‌మన్‌గా నిలబడ్డాడు. మ్యాచ్ అయ్యాక అవతలి జట్టు కుర్రాళ్ళు ఆయన మీద పడి కొట్టారు. మర్నాడు ఆయన చనిపోయాడు. 2013లో ఆరుగురు టీనేజర్లకీ, వాళ్ళలో ఒకరి తండ్రికీ కోర్టు శిక్షలు వేసింది. ఆయన చనిపోయిన వారం చివర్లో దేశమంతా అమెచ్యూర్ మ్యాచ్‌లు ఆపేశారు.

ఆ కుర్రాళ్ళు అంత కోపం ఎక్కడ నేర్చుకున్నారో ఎవరూ కొలిచి చెప్పలేరు. ఒకటి మాత్రం మైదానం దగ్గర నిలబడిన ఎవరికైనా తెలుస్తుంది. కోచ్ రిఫరీని "సార్" అంటే పిల్లలూ "సార్" అంటారు. కోచ్ "ఒరేయ్" అన్నాక పిల్లల నోటికి ఏ హద్దు ఉంటుంది?

మిగతావాళ్ళు ఏం చేశారు?

ఎర్ర కార్డు, పసుపు కార్డు పుట్టిందే గొడవ లోంచి. 1966 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్‌లో అర్జెంటీనా కెప్టెన్ రట్టీన్‌ని రిఫరీ బయటికి పంపాడు. రిఫరీ జర్మన్, ఆటగాడి భాష స్పానిష్. ఒకరి మాట ఒకరికి అర్థం కాక ఆట చాలాసేపు ఆగింది. అప్పుడు ప్రపంచకప్ రిఫరీల బాధ్యత చూస్తున్న కెన్ ఆస్టన్ వృత్తిరీత్యా బడిపంతులు. కారులో ఇంటికి వెళుతూ ట్రాఫిక్ లైట్లు చూస్తుంటే ఆయనకి ఈ ఆలోచన వచ్చింది. 1970 మెక్సికో ప్రపంచకప్‌లో కార్డులు వచ్చాయి. భాష అక్కర్లేని మాట అది.

కానీ చాలా ఏళ్ళు ఆ కార్డులు ఆటగాళ్ళకే. 2019 నుంచి గీత బయటి కోచ్‌కి కూడా చూపించవచ్చని రూల్ మార్చారు. బెంచి మీద ఎవరు తిట్టారో తెలియకపోతే కార్డు అక్కడున్న పెద్ద కోచ్‌కే! తన బెంచిని తనే అదుపులో పెట్టుకోవాల్సిన పని ఆయన మీద పడింది. ఇంగ్లండ్‌లో చిన్న స్థాయి ఫుట్‌బాల్‌లో ఇంకో పద్ధతి తెచ్చారు. రిఫరీతో అదేపనిగా వాదిస్తే 10 నిమిషాలు బయట కూర్చోవాలి. 31 లీగుల్లో ముందుగా పరీక్షిస్తే వాదనలు 38 శాతం తగ్గాయి. 2019-20 నుంచి దాన్ని విస్తరించారు. 2024 యూరో కప్‌లో రిఫరీ దగ్గరికి కెప్టెన్ ఒక్కడే వెళ్ళి మాట్లాడాలన్నారు, అందరూ కొత్తగా ఉందని మెచ్చుకున్నారు.

నిజానికి అది మనకి కొత్తేం కాదు. మన ఊళ్ళల్లో రోజూ సాయంత్రం ఆడే వాలీబాల్ రూల్ పుస్తకంలో అది ఎప్పట్నించో ఉంది. బంతి ఆగినప్పుడు కోర్టులో ఉన్న కెప్టెన్ మాత్రమే రిఫరీతో మాట్లాడాలి, రూల్ ఎలా వర్తించిందో వివరణ అడగొచ్చు. ఆ వివరణ నచ్చకపోతే ప్రొటెస్ట్ చేస్తానని వెంటనే చెప్పి, మ్యాచ్ అయ్యాక స్కోర్‌షీట్ మీద రాయొచ్చు. కోచ్ పని టైమవుట్లు, సబ్‌స్టిట్యూషన్లు, తన పిల్లలకి సలహాలు. చూశారా, అడగడానికి ఒకే నోరు, అభ్యంతరానికి ఒక కాగితం. రెండూ ఉన్నాయి.

మన గ్రౌండ్‌లో

ఇప్పుడు మన సంగతికొద్దాం. డిపార్ట్‌మెంట్ల మధ్య పోటీల్లో రిఫరీలుగా నిలబడేది ఎవరు? మనలాంటి స్టూడెంట్సే. సివిల్, ఈసీఈ మ్యాచ్‌కి మెకానికల్ కుర్రాడు విజిల్ పట్టుకుంటాడు. డబ్బులేం రావు, మహా అయితే ఒక టీషర్టు. ఎండలో గంట పరిగెత్తి, సీనియర్ల చేత మాటలు పడి, రాత్రి హాస్టల్ మెస్‌లో కూడా అదే టాపిక్ వినాలి. మరుసటి ఏడాది అతన్ని పిలవండి, "నాకు ల్యాబ్ ఉంది అన్నా" అంటాడు. మంచివాళ్ళు తప్పుకుంటే మొండివాళ్ళే మిగులుతారు, అప్పుడు గొడవలు ఇంకా పెరుగుతాయి.

ఖర్చు లేకుండా మనం చేయగలిగినవి ఇవి:

ఒకటి, టాస్‌కి ముందు రెండు జట్ల మేనేజర్లూ, కెప్టెన్లూ, రిఫరీ అయిదు నిమిషాలు కూర్చోవాలి. మ్యాచ్ ఎన్ని నిమిషాలు, ఆఫ్‌సైడ్ ఉందా లేదా, ఎన్ని సబ్‌స్టిట్యూషన్లు. ఒక కాగితం మీద రాసి ముగ్గురూ సంతకం పెడితే చాలు.

రెండు, రిఫరీతో మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే. బెంచి పక్కన సున్నంతో ఒక గడి గీయండి. కోచ్‌గా నిలబడే సీనియర్ ఆ గడిలోంచే తన జట్టుకి చెప్పుకోవాలి.

మూడు, అభ్యంతరం ఉంటే మ్యాచ్ అయ్యాక అరగంటలోగా కాగితం మీద రాసి ఇవ్వాలి. చూడడానికి ఆడుతున్న రెండు డిపార్ట్‌మెంట్లకీ చెందని ముగ్గురు ఉండాలి. రూల్ తప్పుగా వర్తించిందా అన్నదే వాళ్ళు చూడాలి, "అది ఫౌలా కాదా" అన్నది కాదు.

నాలుగు, రిఫరీకి ఇద్దరు లైన్స్‌మన్లని ఇవ్వాలి. పారలాక్స్ గురించి ఇంత చదివాక మళ్ళీ ఒక్కడినే పంపితే ఎలా?

అయిదు, కోచింగ్ చేసే ప్రతి సీనియర్ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్‌కైనా, తన జట్టుది కానిదానికి, విజిల్ ఊదాలి. మన పీఈటీ మాస్టార్ల ఏర్పాటులో ఉన్న మంచి ఇదే, దాన్ని మనం తీసుకుందాం.

వీటితో గొడవలు పూర్తిగా పోతాయని కాదు. ఓడినవాళ్ళకి బాధ ఉంటుంది, ఉండాలి కూడా, లేకపోతే ఆటెందుకు? కానీ బాధకి ఒక దారి ఉంటే అది మనిషి మీదకి వెళ్ళదు. ఇంట్రామ్యూరల్స్ నోటీసు పడ్డాక రిఫరీల లిస్టు కోసం క్లాసుకి ఎవరైనా వస్తే, ఈసారి ఇద్దరు ముగ్గురు చేతులెత్తండి. విజిల్ ఒక్కసారి మన నోట్లో ఉంటే, గీత బయట మన గొంతు ఎంత దూరం వినబడుతుందో తెలిసొస్తుంది.